ఎలియెల్ అని పిలవకండి

శనివారం పొద్దున్నే జొవెలీనా పొయ్యి దగ్గర నిలబడి, తడిపి జల్లించిన కర్రపెండలం పిండిని పెనం మీద అట్టులా పరుస్తోంది. ముందురోజు వానకి ఇంటి చుట్టూ నేల చిత్తడిగా ఉంది. నది ఆటు మీద ఉంది. నీళ్ళు బాగా వెనక్కి పోయాయి. గుమ్మం నుంచి రేవు దాకా వేసిన చెక్క వంతెన కింద ఒట్టి బురదే కనిపిస్తోంది. పోకచెట్లలా సన్నగా ఎదిగిన అసాయి చెట్ల మీద చిలకలు గోల చేస్తున్నాయి. ఆ దీవిలో పొద్దు ఎప్పుడూ ఇలాగే మొదలవుతుంది.

"అమ్మా, ఆట మొదలైంది, రా!" హాల్లోంచి కేకేసింది కూతురు నజారె.

"నువ్వు చూడవే. నాకిక్కడ అట్టు మాడిపోతుంది."

"పన్నెండేళ్ళుగా మాడుతూనే ఉంది నీ అట్టు. కన్నకొడుకు ఆడుతుంటే ఒక్కసారన్నా వచ్చి కూర్చున్నావా? ఊళ్ళో వాళ్ళంతా టీవీల ముందు గొంతులు చించుకుంటుంటే, నువ్వేమో పొయ్యిని పట్టుకుని వేలాడతావు."

జొవెలీనా అట్టు తిరగేసి వెన్న రాసింది.

ఇక్కడ పొద్దు, అక్కడ కొరియాలో సాయంత్రం. అక్కడొక ఓడరేవు పట్టణంలో దీపాల వెలుగులో తన పెద్దకొడుకు పరుగెడుతున్నాడని ఆమెకి తెలుసు. ఈ ఏడు ఆ దేశంలో అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టింది అతనేనని నజారె వందసార్లు చెప్పింది. ముప్పై దగ్గరపడితే స్ట్రైకర్లకి కాళ్ళు బరువెక్కుతాయట, ఇతనికి మాత్రం ఏటికేడాది వేగం పెరుగుతోందట. రేడియోలో ఒకాయన, ఈ కుర్రాడి మీదికి రావడానికి వయసే భయపడుతోంది అని కూడా అన్నాడు. ఆ మాట విన్నరోజు జొవెలీనాకి అన్నం సహించలేదు.

టీవీలో డప్పులు మొదలయ్యాయి. మూడు దెబ్బలు, ఆ వెంటనే వేలమంది ఒకే గొంతుతో అరిచారు.

"ఎ-లి-యెల్! ఎ-లి-యెల్!"

జొవెలీనా చేతిలో అట్లకాడ ఆగిపోయింది. కళ్ళు గట్టిగా మూసుకుంది.

"కొట్టాడు! అమ్మా, కొట్టేశాడు! ఎడమకాలితో కొట్టాడే!" నజారె ఎగిరి గంతేసింది. అక్కడ జనం ఊగిపోతున్నారు. అదే పేరు, అదే పేరు, ఆగకుండా.

అప్పుడు వినిపించింది ఆ చప్పుడు. రేవు వైపు నుంచి చెక్క వంతెన మీద చిన్న కాళ్ళు పరుగెత్తుకొస్తున్న చప్పుడు. తడి కాళ్ళు. టపటపమంటూ దగ్గరకొచ్చి గుమ్మం ముందు టక్కున ఆగిపోయింది.

జొవెలీనా ఈ చప్పుడు చాలాకాలంగా వింటోంది. ఎవరితోనూ అనలేదు. కానీ ఆవేళ నజారె కూడా టీవీ మీంచి తల తిప్పింది.

"ఎవరో వచ్చారమ్మా," అంటూ వెళ్ళి తలుపు తీసింది.

ఎవరూ లేరు. వంతెన పలకల మీద తడి అడుగుల గుర్తులున్నాయి. చిన్నపిల్లవాడి పాదాలవి. రేవు వైపు నుంచి గుమ్మం దాకా వచ్చాయి. తిరిగి వెళ్ళిన గుర్తులు లేవు.

నజారె ఆ గుర్తుల్ని చూసింది. నీళ్ళు లేని నదిని చూసింది. తలుపు మూసి, టీవీ కట్టేసి, తల్లి పక్కన వచ్చి నిలబడింది.

"ఎన్నాళ్ళ నుంచి?" మెల్లగా అడిగింది.

"వాడి పేరు అంతమంది పిలవడం మొదలైనప్పటి నుంచి," అంది జొవెలీనా.

*

ఎలియెల్ ఆమె చిన్నకొడుకు. ఎనిమిదేళ్ళప్పుడు నదిలో పడి చనిపోయాడు.

వాడికి నడక రాదని ఇంట్లో నవ్వుకునేవాళ్ళు. ఎవరు పిలిచినా పరుగే. ఆరోజు జొవెలీనా గుమ్మంలో నిలబడి అన్నానికి పిలిచింది. రేవు చివర ఉన్నవాడు "వస్తున్నానమ్మా!" అంటూ తడి పలకల మీద పరుగెత్తాడు, కాలు జారాడు. నది నిండు పోటు మీద ఉంది. వాడు దొరికేసరికి పొద్దు వాలిపోయింది. దీవి వెనక సమాధుల దిబ్బలో పూడ్చి, తండ్రి ఒక చెక్క సిలువ పాతి దాని మీద పేరు రాశాడు. చావు నమోదు చేయించాలంటే పడవ మీద పట్నం వెళ్ళాలి. దుఃఖంలో ఎవరికీ ఆ ఊసే తట్టలేదు. కొన్నాళ్ళకి తండ్రీ పోయాడు.

పెద్దకొడుకు వాల్దెసికి ఇరవై ఏళ్ళు వచ్చినప్పుడు, ఆటగాళ్ళని వెతుక్కుంటూ సెవెరో అనే ఏజెంట్ ఆ దీవికి వచ్చాడు. నీళ్ళు తీసిన బురదలో వాల్దెసి ఆట చూసి నోరు తెరిచాడు. వయసు విన్నాక పెదవి విరిచాడు.

"ఆలస్యం అయిపోయిందమ్మా. ఇరవై ఏళ్ళ వాడిని పెద్ద క్లబ్బులు చూడవు. ఏ పదిహేడో అయితే రేపే తీసుకెళ్ళేవాణ్ణి."

వాల్దెసి తల దించుకుని కాళ్ళకంటిన బురద గీక్కుంటున్నాడు. కొడుకు మెడ వంక చూసింది జొవెలీనా. తండ్రి లాగే జీవితమంతా పడవలో కూర్చుని వలలు లాగే మెడ అది.

"పదిహేడేళ్ళ కొడుకు కూడా నాకున్నాడు," అంది.

ఆ మాట తన నోట్లోంచే వచ్చింది. వాల్దెసి వద్దన్నాడు, ఏడ్చాడు కూడా. "వాడి పేరు పెట్టుకుని నేనెలా తిరగనమ్మా?" అన్నాడు. "పేరుదేముందిరా, వాడికి ఇంక దాంతో పనేముంది?" అని ఆమే ఒప్పించింది. ఎలియెల్ పుట్టుక కాయితం పట్టుకుని వాల్దెసి, సెవెరో పట్నం వెళ్ళిన రోజున ఆమె దిబ్బకి వెళ్ళి, చేపలు కోసే కత్తితో సిలువ మీది పేరుని గీకి తీసేసింది. ఎవరైనా వచ్చి చూస్తే కొడుకు బతుకు పాడవుతుందని. ఊరంతటికీ తెలుసు. ఊరంతా నోరు కుట్టుకుంది. వాల్దెసి అనేవాడు ఎటో పనికి పోయాడని, ఎలియెల్ ఆటగాడయ్యాడని చెప్పుకోవడం అలవాటైపోయింది.

ఆ పేరుతోనే అతను సావో పాలోలో ఆడాడు, పోర్చుగల్‌లో ఆడాడు, కొరియా వెళ్ళాడు. ఆ పేరుతోనే పెళ్ళి చేసుకున్నాడు. భార్య సుయెలెన్‌కి ఈ సంగతి తెలియదు. కూతురు మెలీనా పుట్టినప్పుడు తండ్రి పేరు దగ్గర ఎలియెల్ అనే రాయించాడు.

పన్నెండేళ్ళలో జొవెలీనా అతన్ని ఒక్కసారి కూడా పేరు పెట్టి పిలవలేదు. ఫోనులో "దీవించమ్మా" అంటాడు. "దేవుడు నిన్ను చల్లగా చూడాలి నాన్నా" అంటుంది. అంతే.

*

డిసెంబరులో అక్కడ ఆటలు ముగిశాక భార్యాబిడ్డలతో ఇంటికొచ్చాడు. పడవ దిగుతుంటే ఊరంతా రేవులో ఉంది. అతను తల్లి చెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. అతని చెయ్యి చల్లగా, నీళ్ళలో నానినట్టుగా ఉంది.

"ఒంట్లో బాగుందా నాన్నా?"

"అక్కడి చలమ్మా. ఇంకా వదల్లేదు," అన్నాడు నవ్వుతూ.

మధ్యాహ్నం భోజనానికి జొవెలీనా మపరా చేపలు కాల్చింది. చిక్కటి అసాయి పళ్ళ గుజ్జు, కర్రపెండలం రవ్వ ముందు పెట్టింది. అందరూ కబుర్లాడుతూ తింటున్నారు. వడ్డిస్తూ కొడుకు పక్కకొచ్చిన జొవెలీనా అక్కడే నిలబడిపోయింది.

అతను ఎడమచేత్తో తింటున్నాడు.

వాల్దెసి చిన్నప్పటి నుంచీ కుడిచేతి వాటం. ఆ ఇంట్లో ఎడమచేత్తో తిన్నవాడు ఒక్కడే.

"ఎప్పటి నుంచిరా ఆ చేత్తో?" అడిగింది.

అతను చెంచా వంక చూసుకున్నాడు. అప్పుడే గమనించినట్టు, దాన్ని కుడిచేతికి మార్చుకున్నాడు. కాసేపటికి చెంచా మళ్ళీ ఎడమచేతిలో ఉంది.

"భలేవారే అత్తయ్యా! నేను చూసినప్పటి నుంచీ ఎలియెల్‌ది ఎడమచెయ్యేగా?" అంది సుయెలెన్. ఒక క్షణం ఆగి, "కాదులే, పెళ్ళిలో సంతకం కుడిచేత్తోనే పెట్టాడు. అవును, ఎప్పుడు మారావు నువ్వు?" అంది మొగుడి వంక చూస్తూ.

నజారె గబుక్కున "వదినా, ఇంకో ముక్క వేసుకో" అంటూ చేపల పళ్ళెం మధ్యలోకి తోసింది.

ఆ రోజుల్లో జొవెలీనా కొడుకుని కనిపెట్టుకుని ఉంది. వాన పడితే వరండాలో నిలబడి చేతులు బయటికి చాచేవాడు, అచ్చం చిన్నవాడిలాగే. ఒకసారి నజారెతో మాట్లాడుతూ, "నేను చిన్నప్పుడు అన్నయ్య నన్ను భుజాలమీద ఎక్కించుకుని రేవుకి తీసుకెళ్ళేవాడు" అన్నాడు. నజారె మొహం పాలిపోయింది. ఆ అన్నయ్య అతనే. ఏమన్నాడో అతనికే తెలియలేదు.

ఐదేళ్ళ మెలీనా పొద్దస్తమానం చెక్క వంతెన మీదే ఆడుకునేది. ఎవరితోనో మాట్లాడుతున్నట్టు తనలో తనే నవ్వుకునేది. ఒక పొద్దున జొవెలీనా దాని జుట్టుకి జడ వేస్తూ అడిగింది.

"ఎవరితోనే నీ ముచ్చట్లు?"

"నాన్నతో, నానమ్మా."

"నాన్న ఇంట్లో ఉయ్యాలలో పడుకుంటే, వంతెన మీద నాన్న ఎక్కడివాడే?"

"పెద్ద నాన్న కాదు. నాన్న చిన్నగా అయిపోయి వస్తాడుగా, ఆ నాన్న." పిల్ల చాలా మామూలుగా చెప్పింది. "ఆ నాన్న బట్టలు ఎప్పుడూ తడిగా ఉంటాయి. నీ పేరేంటంటే ఎలియెల్ అన్నాడు. మా నాన్న పేరూ అదేనన్నాను. అయితే నువ్వు నా పాపవే అన్నాడు."

జొవెలీనా చేతిలోంచి జడ జారిపోయింది.

*

ఆ మధ్యాహ్నమే అది జరిగింది.

ఆ దీవిలో మధ్యాహ్నం వాన రోజూ వచ్చేదే. ఆకాశం నల్లబడింది, చినుకులు మొదలయ్యాయి. పెరట్లో ఆరేసిన బట్టలు తియ్యడానికి ఆడవాళ్ళు ముగ్గురూ పరుగెత్తారు. తిరిగి లోపలికొచ్చేసరికి మెలీనా లేదు.

"మెలీనా!" సుయెలెన్ గదులన్నీ వెతికింది. ఉయ్యాలలో నిద్రపోతున్న మొగుణ్ణి కుదిపి లేపింది. "ఎలియెల్! లే! పాప కనిపించడం లేదు! ఎలియెల్!"

జొవెలీనాకి వెతకాల్సిన పని లేకపోయింది. వానలో పడి చెక్క వంతెన మీద రేవు వైపు పరుగెత్తింది. నది నిండు పోటు మీద ఉంది. వంతెన చివరి మెట్లు నీళ్ళలో మునిగి ఉన్నాయి. ఆ మెట్ల మీద నడుము లోతు నీళ్ళలో నిలబడి ఉంది మెలీనా. చెయ్యి ముందుకి చాచి ఉంది. ఎవరి చెయ్యో పట్టుకున్నట్టు ఆ చిన్న వేళ్ళు ముడుచుకుని ఉన్నాయి.

జొవెలీనా మెట్లు దిగి పిల్లని వెనకనుంచి చుట్టేసి పట్టుకుంది. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, అవతలి వైపు నుంచి ఎవరో లాగుతున్నట్టు అనిపించింది. బలంగా ఏమీ కాదు. ఆటలో పిల్లలు లాగినట్టుగా ఉంది.

"వదులు నాన్నా," అంది జొవెలీనా నీళ్ళతో. "వదిలెయ్. అది అన్నయ్య పాప."

పట్టు వదిలింది.

ఇంట్లోకి తీసుకొచ్చాక సుయెలెన్ పిల్లని తువ్వాలులో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది. "నీళ్ళలోకి ఎందుకు దిగావే? ఎవరు దిగమన్నారు?" అని అడిగింది.

"నాన్న రమ్మన్నాడు."

సుయెలెన్ తలెత్తి మొగుడి వంక చూసింది. అతను గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఉయ్యాలలోంచి లేచి వచ్చిన మనిషి బట్టలు తడిసి ముద్దయి ఉన్నాయి. ఇంట్లోంచి కాలు బయట పెట్టలేదు అతను.

"ఈ ఇంట్లో ఏదో ఉంది," అంది సుయెలెన్. "వచ్చినరోజు నుంచీ చూస్తున్నా. నేను గదిలోకొస్తే మాటలు ఆపేస్తారు. మీ అమ్మ నిన్ను పేరు పెట్టి పిలవదు. మీ చెల్లెలు నీ పేరు విని ఉలిక్కిపడుతుంది. ఇవాళ నా పిల్ల చచ్చిపోయేది. చెప్తారా, లేకపోతే ఈ వానలోనే పడవెక్కి వెళ్ళిపోనా?"

"ఏం లేదు సుయెలెన్. పిల్ల భయపడి ఏదో..."

"నువ్వాగు. అత్తయ్యని అడుగుతున్నా."

జొవెలీనా తడి బట్టలతోనే కోడలి ఎదురుగా నేల మీద కూర్చుంది.

"నువ్వు పెళ్ళి చేసుకున్నవాడు ఎలియెల్ కాదమ్మా," అంది.

"అమ్మా!" అతని గొంతు ఇల్లంతా అదిరింది. "నోరు ముయ్! ఒక్క మాట చెప్పావంటే నా బతుకు బుగ్గిపాలవుతుంది. తెలుస్తోందా నీకు?"

"తెలుసురా. నీ బతుకు కోసమే కదా ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నది." ఆమె కోడలి వైపే చూస్తూ చెప్పింది. "వీడు వాల్దెసి. నా పెద్దకొడుకు. ఎలియెల్ నా చిన్నకొడుకు. ఎనిమిదేళ్ళప్పుడు ఆ రేవులోనే పోయాడు. వాడి పేరు తీసి వీడికి తొడిగింది నేను. వీడు వద్దన్నాడమ్మా. తప్పు వీడిది కాదు, నాది."

సుయెలెన్ పిల్లని ఇంకా దగ్గరికి లాక్కుంది.

"ఏడేళ్ళు," అంది. "ఏడేళ్ళుగా ఒక చనిపోయిన పిల్లాడి పేరు పెట్టి నిన్ను పక్కలో పిలిచానా? దీని స్కూలు కాయితాల్లో తండ్రి అని నేను రాసిందెవరి పేరు? చెప్పు! దీని తండ్రెవరు?"

"నేనే," అన్నాడు అతను.

"నువ్వెవరు?"

ఆ ప్రశ్నకి అతని నోరు తెరుచుకుంది గానీ మాట రాలేదు. తన పేరు చెప్పడానికి ప్రయత్నిస్తున్నాడని, అది నోటికి అందడం లేదని జొవెలీనాకి అర్థమైంది. అతను గోడ పట్టుకుని అలాగే కిందికి జారి కూర్చున్నాడు.

"నేను కాదు ఆడేది," అన్నాడు చాలా చిన్న గొంతుతో. "ఎవరికీ చెప్పలేదు. ఆ డప్పులు మొదలై పేరు అరుస్తారు చూడు, అప్పుడు నా చొక్కా తడిసి బరువెక్కుతుంది. నాకు ముందు ఎవరో పరుగెడతారు. కనపడరు, అడుగుల చప్పుడు మాత్రం వినపడుతుంది. దాని వెనకాలే నేను వెళ్తాను. అది ఎక్కడ ఆగితే అక్కడికి బంతి వస్తుంది. అందరూ నన్ను పొగుడుతారు. మొదట్లో నాకు సంతోషంగా ఉండేదమ్మా. తమ్ముడు నాతో ఆడుతున్నాడనుకున్నా. ఇప్పుడు ఆట అయిపోయాక కూడా పోడు. నాలోనే ఉండిపోతున్నాడు. పొద్దున లేచి అద్దంలో చూసుకుంటే ఎవరు లేచారో తెలియడం లేదు."

నజారె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది.

"వాడు ఆడటానికి రావట్లేదురా," అంది జొవెలీనా. "పిలిస్తే వస్తున్నాడు. ఎనిమిదేళ్ళ పసివాడు. ఎవరు పిలిచినా అమ్మే పిలిచిందనుకుంటాడు. అన్నానికి పిలిచిందనుకుని అంత దూరం నుంచి పరుగెత్తుకొస్తాడు. వచ్చి చూస్తే వాడి కోసం ఎవరూ ఉండరు. అందరూ నిన్నే చూస్తుంటారు. గుమ్మం దాకా వచ్చి నిలబడతాడు. తలుపు తీసి 'వచ్చావా నాన్నా' అని నేనొక్కసారి కూడా అనలేదు. అంటే నీ బతుకేమవుతుందోనని."

ఇరవయ్యొక్కేళ్ళలో జొవెలీనా చిన్నకొడుకు కోసం మనసారా ఏడవలేదు. పూడ్చినరోజు నోట మాట పడిపోయింది. తర్వాత వాడి పేరు బతికే ఉండాలి కాబట్టి ఏడవడానికి వీల్లేకపోయింది. ఇప్పుడు నేల మీద కూర్చున్న చోటే ముందుకి వంగి, నుదురు పలకలకి ఆనించి ఏడ్చింది. ఎవరూ ఆపలేదు. వాన వెలిసేదాకా ఏడ్చింది.

అందరికంటే ముందు లేచింది సుయెలెన్. పిల్లని నజారెకి అందించి, అత్తగారి పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేసింది. మొగుడి వంక మాత్రం చూడలేదు.

"ఆ పేరు ఎవరిదో వాళ్ళకి ఇచ్చెయ్," అంది గోడకేసి చూస్తూ. "నా పిల్ల పేరు పక్కన చచ్చిపోయినవాళ్ళ పేరు ఉండటానికి వీల్లేదు. అది చేశాక నా దగ్గరికి రా. అప్పుడు నువ్వెవరో చూస్తా."

*

మర్నాడు సుయెలెన్ కూతుర్ని తీసుకుని సావో పాలోలోని పుట్టింటికి వెళ్ళిపోయింది.

అతను తల్లితో పట్నం వెళ్ళి ఎలియెల్ చావు నమోదు చేయించాడు. కార్యాలయంలో కూర్చున్నామె ఫుట్‌బాల్ అభిమాని. కాయితం చూసి, ఎదురుగా ఉన్న మనిషి మొహం చూసి, "ఇది మీరే కదండీ?" అంది అయోమయంగా. "కాదు, మా తమ్ముడు," అన్నాడతను. ఆ రెండు మాటలూ అనేసరికి అతనికి చెమటలు పట్టాయి.

ఇంటికొచ్చాక దిబ్బకి వెళ్ళారు. జొవెలీనా కొత్త సిలువ చేయించింది. పేరు వాల్దెసి రాశాడు. రాస్తుంటే కుంచె మొదట ఎడమచేతిలో ఉంది. సగం రాశాక ఆగి కుడిచేతిలోకి తీసుకున్నాడు. మళ్ళీ అది మారలేదు.

జొవెలీనా మట్టి మీద అరచెయ్యి ఆనించి కూర్చుంది.

"ఎలియెల్," అంది. వాడు పోయాక ఆ పేరు పెట్టి పిలవడం ఆమెకదే మొదటిసారి. "ఇంక ఎవరు పిలిచినా రాకు నాన్నా. వాళ్ళు నీకోసం పిలవరు. నీళ్ళు చల్లగా ఉంటాయి, పలకలు జారతాయి. అమ్మే నీ దగ్గరికి వస్తుంది. మెల్లగా నడిచి వస్తుంది. నువ్వు అక్కడే ఉండు, సరేనా?"

ఎండ కాస్తోంది. గాలి లేదు. కొత్త మట్టి మీద ఒకచోట తడి చిన్నగా విప్పారి, కాసేపటికి ఆరిపోయింది. కొడుకు చూశాడో లేదో ఆమె అడగలేదు.

తర్వాతి నెలలు మంచివి కావు. వాల్దెసి తనే క్లబ్బుకి ఫోను చేసి నిజం చెప్పాడు. కొరియా వాళ్ళు ఒప్పందం రద్దు చేశారు. ఫుట్‌బాల్ సంఘం నిషేధించింది, కేసు పెట్టింది. పత్రికలు దొంగ అని రాశాయి. నిన్నటిదాకా డప్పులు కొట్టినవాళ్ళే అతని చొక్కాలు కాలుస్తున్న బొమ్మలు వచ్చాయి. సెవెరో ఫోను ఎత్తడం మానేశాడు. ఊళ్ళో కొందరు జొవెలీనా ఎదురుపడితే మొహం తిప్పుకున్నారు. నోరు మూసుకుని ఉండాల్సిందని వాళ్ళ బాధ. వాల్దెసి తన మేనమామ పడవ మీద వలలకి వెళ్ళడం మొదలుపెట్టాడు. అరచేతులు బొబ్బలెక్కాయి. రాత్రిళ్ళు ఒళ్ళు తెలియకుండా నిద్రపోతున్నానని తల్లితో చెప్పాడు.

వంతెన మీద అడుగుల చప్పుడు మళ్ళీ రాలేదు. జొవెలీనా అప్పుడప్పుడూ పొయ్యి దగ్గర పని ఆపి చెవి ఒగ్గేది. ఏమీ వినిపించేది కాదు. దానికీ కన్నీళ్ళు వచ్చేవి.

వానలు తగ్గి నది సన్నబడ్డాక, జూన్ నెలలో, చెప్పకుండా ఒక పడవ వచ్చి ఆగింది. సుయెలెన్ దిగింది. మెలీనా నానమ్మ మెడకి చుట్టుకుంది. మారిన కాయితాలు వచ్చాయని, వాటిలో పిల్ల తండ్రి పేరు సరిగ్గా ఉందని సుయెలెన్ అత్తగారితో చెప్పింది. మొగుడితో మాత్రం పొడిపొడిగా ఉండేది. "ఇదిగో", "నిన్నే", "మెలీనా నాన్నా" అనేది. పాత పేరు అనలేదు. కొత్త పేరు నోటికి రాలేదు.

ఆ నెలాఖరులో ఇసుక తిప్ప మీద ఎదురు దీవి వాళ్ళతో ఆట పెట్టుకున్నారు. నిషేధం ఉన్నది పెద్ద ఆటలకే, ఇసుకలో ఆడుకుంటే అడిగేవాళ్ళు లేరు. వాల్దెసిని బతిమాలి దింపారు. అందరూ పడవల మీదొచ్చి గట్టున కూర్చున్నారు. పన్నెండేళ్ళుగా ఒక్క ఆటా చూడని జొవెలీనా ఆవేళ అందరికంటే ముందు కూర్చుంది.

బంతి వాల్దెసి కాలికి వచ్చింది. జనం అలవాటుగా నోళ్ళు తెరిచారు. తెరిచి, ఏమని అరవాలో తెలియక ఆగిపోయారు. తిప్ప మీద ఒక్కసారిగా నిశ్శబ్దం ఆవరించింది. నది పారుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. వాల్దెసి కూడా తడబడ్డాడు. ముందు పరుగెత్తే అడుగుల కోసం చెవి ఒగ్గినట్టు తల పక్కకి వంచాడు.

జొవెలీనా లేచి నిలబడింది.

"వాల్దెసీ!" అని అరిచింది.

అతను తిరగలేదు. ఎవరినో పిలుస్తున్నారనుకున్నాడు.

"ఒరేయ్ వాల్దెసీ! నిన్నేరా, నా పెద్దకొడకా!"

ఈసారి అతను నిలువునా ఆగిపోయాడు. వెనక్కి తిరిగి తల్లిని చూశాడు. ఆటలో ఉన్న సంగతి మర్చిపోయి, చిన్నపిల్లాడిలా నోరు తెరుచుకుని చూస్తూ నిలబడ్డాడు. ఎదురు దీవి కుర్రాడొకడు తీరుబడిగా వచ్చి అతని కాళ్ళ దగ్గరి బంతిని తన్నుకుపోయాడు. గట్టున అందరూ గొల్లుమని నవ్వారు.

"వాల్దెసీ!" సుయెలెన్ గొంతు ఆ నవ్వుల మీంచి వినిపించింది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియకుండా ఉంది. "బంతి పోయింది! అక్కడే నిలబడ్డావేంటి, పరుగెత్తు!"

వాల్దెసి పరుగెత్తాడు. ముప్పై రెండేళ్ళ మనిషి పరుగెత్తినట్టే, బరువుగా, ఆయాసపడుతూ.